జావా నుంచి ఫ్లోరెస్ దాకా ఫెర్రీల్లో: అరకొర ఇండోనేషియన్‌తో కబుర్లు నడుస్తాయా?

#1 దారిపోయేవాడు

అందరికీ నమస్కారం. సురబయలో దిగి బాలి, లొంబొక్, సుంబావా మీదుగా ఫ్లోరెస్ దీవిలోని లబువాన్ బాజో దాకా వెళ్దామనుకుంటున్నాను. విమానం జోలికి పోకుండా అన్నీ బస్సులు, ఫెర్రీలే. ఒక్కణ్ణే. నాలుగు జలసంధులు దాటాలి: కెతాపాంగ్ నుంచి గిలిమానుక్, పదాంగ్ బాయ్ నుంచి లెంబర్, కయాంగన్ నుంచి పోతో తానో, చివరికి సాపె నుంచి లబువాన్ బాజో.

టికెట్లు, వీసా సంగతులు ఇక్కడ పాత చర్చల్లో చదివాను, వాటితో మళ్ళీ విసిగించను. నా గొడవ వేరు. ఓడలో గంటలకొద్దీ పక్కన కూర్చునే మనుషులతో మాట్లాడాలని ఉంది. ఇండోనేషియన్ యాప్‌లో నేర్చుకుంటున్నాను. చదివితే అర్థమవుతుంది, నింపాదిగా అయితే చెప్పగలను. యూట్యూబ్‌లో వాళ్ళ మాటలు వింటే మాత్రం ఇది నేను నేర్చుకున్న భాషేనా అనిపిస్తోంది. అక్కడ కొత్తవాళ్ళతో మాట కలిపితే ఏమనుకుంటారు? ఎవరు మొదలుపెట్టాలి? అసలే నాకు బిడియం, దాని మీద భాష టెన్షన్ ఒకటి.

#2 ఉప్పుగాలి

ఎవరు మొదలుపెట్టాలన్న బెంగ అక్కర్లేదు. మీరు బ్యాగు కింద పెట్టేలోపే "దారి మానా?" (ఎక్కణ్ణుంచి?), "మావు కె మానా?" (ఎక్కడికి?) అని అడిగేస్తారు.

నేను కొన్నేళ్ళు సురబయలో ఉద్యోగం చేశాను. ఊళ్ళో కంటే ఓడల్లోనే నా ఇండోనేషియన్ బాగుపడింది. దానికి కారణముంది. సురబయలో ఆఫీసు దాటి బయటికొస్తే చెవిన పడేది జావనీస్. బాలి పల్లెల్లో బాలినీస్, లొంబొక్‌లో ససాక్, సుంబావా తూర్పు కొసన బీమా అనే ఊరి వైపు బీమా భాష. ఆ దేశంలో 700కు పైగా భాషలున్నాయి. ఎక్కువమందికి ఇండోనేషియన్ బళ్ళో వచ్చిన భాషే తప్ప ఇంట్లో పుట్టిన భాష కాదు. ఊళ్ళో కూర్చుంటే వాళ్ళు మీతో ఒక ముక్క ఇండోనేషియన్‌లో అని, తమలో తాము ఇంటి భాషలోకి వెళ్ళిపోతారు. మీరు నవ్వుతూ కూర్చోవాలి.

ఓడలో ఆ సుఖం వాళ్ళకి లేదు. జావా లారీ డ్రైవర్, బీమా నుంచి వచ్చిన ఉల్లిపాయల వ్యాపారి, సెలవులకి ఇంటికి పోతున్న ఫ్లోరెస్ కాలేజీ పిల్లాడు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఒకరి ఇంటి భాష ఇంకొకరికి రాదు. కాబట్టి అందరూ ఇండోనేషియన్‌లోకి రావాల్సిందే. అందరూ ఎదుటివాడికి అర్థమయ్యేలా కాస్త విడమరిచి మాట్లాడతారు. ఆ గుంపులో ఇంకొక పరాయివాడు తడబడుతూ మాట్లాడితే ఎవరికీ వింతగా ఉండదు.

అసలు ఆ భాష పెరిగిందే రేవుల్లో. మలయ్ భాషని శతాబ్దాలుగా దీవుల మధ్య వర్తకులు వాడుకున్నారు. 1928 అక్టోబర్ 28న బటావియాలో (ఇప్పటి జకార్తా) యువజన మహాసభలో దేశానికంతటికీ ఒక భాష అని ప్రతిజ్ఞ చేసినప్పుడు, అందరికంటే ఎక్కువమంది మాట్లాడే జావనీస్‌ని కాకుండా దీన్ని ఎంచుకున్నారు. జావనీస్‌లో ఎదుటివాడి హోదాని బట్టి మాటలే మారిపోతాయి. రేవు భాషకి ఆ బాదరబందీ లేదు. ఆ సౌకర్యం ఇవాళ మీకూ పనికొస్తుంది.

#3 అడ్డుప్రశ్న

వినడానికి బాగానే ఉంది. కానీ కెతాపాంగ్ నుంచి గిలిమానుక్ దాటడానికి పట్టేది గంటలోపే. సురబయ నుంచి బాలి వెళ్ళే బస్సులు చాలావరకు రాత్రివే. అర్ధరాత్రి బస్సు ఓడలోకి ఎక్కుతుంది, జనం కళ్ళు నులుముకుంటూ పై డెక్‌కి వెళ్తారు, ఒక కాఫీ తాగుతారు, దిగుతారు. వాళ్ళని లేపి భాష ప్రాక్టీస్ చేస్తారా?

#4 ఉప్పుగాలి

లేపమని నేనెందుకంటాను స్వామీ. మీరన్నది నిజమే, నాలుగు దాట్లూ ఒక్కలా ఉండవు.

బాలి జలసంధి ఇరుకైన చోట రెండున్నర కిలోమీటర్ల లోపే. అక్కడ కబుర్లకి టైము లేదు. పగలు దాటితే రేవులో నాణేల కోసం నీళ్ళలో దూకే కుర్రాళ్ళు కనిపిస్తారు, అంతే. అవతల దిగగానే గడియారం గంట ముందుకి తిప్పుకోండి. జావాది పశ్చిమ మండలం టైము, బాలి నుంచి ఫ్లోరెస్ దాకా మధ్య మండలం టైము. ఇంకొకటి, బాలివాళ్ళ మౌనదినం న్యెపి రోజున ఆ రేవు మూసేస్తారు. మార్చి, ఏప్రిల్ ప్రాంతాల్లో వెళ్ళేవాళ్ళు క్యాలెండర్ చూసుకోవాలి.

పదాంగ్ బాయ్ నుంచి లెంబర్ నాలుగైదు గంటలు. అసలు కథ ఇక్కడే. పగటి ఓడ ఎక్కండి. కూర్చునే హాల్లో టీవీలో దంగ్‌దుత్ పాటలు చెవులు పగిలేలా పెడతారు, అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కింద పరుచుకుని కాళ్ళు చాపుకునే చోటు ఒకటి ఉంటుంది, పరుపు అద్దెకిచ్చేవాళ్ళు కూడా తిరుగుతుంటారు. చెప్పులు విడిచి ఆ గట్టు మీద కూర్చోండి. డెక్ మీద నీడ పట్టున నిలబడే లారీ డ్రైవర్లు ఇంకా మంచి కాలక్షేపం. వారాల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు, ఎవరైనా వినేవాడు దొరికితే చాలు.

ఆ జలసంధి మధ్యలో నీళ్ళు సుడులు తిరుగుతూ కనిపిస్తాయి. పసిఫిక్ నీళ్ళు హిందూ మహాసముద్రంలోకి జారే దారుల్లో అదొకటి. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1856లో ఇదే దారిలో బాలి నుంచి లొంబొక్ దాటి, ఈ ఒడ్డున ఆసియా పక్షులు, ఆ ఒడ్డున ఆస్ట్రేలియా వైపు కాకటూలు ఉన్నాయేమిటని ఆశ్చర్యపోయాడు. ఇంత చిన్న నీళ్ళ పాయ పక్షుల్ని ఆపింది గానీ మనుషుల్ని ఆపలేకపోయింది. లొంబొక్ పశ్చిమాన బాలివాళ్ళు తరాలుగా ఉంటున్నారు.

కయాంగన్ నుంచి పోతో తానో రెండు గంటల్లోపే. సాపె నుంచి లబువాన్ బాజో మాత్రం ఆరేడు గంటలు, కొమోడో దీవుల పక్కగా వెళ్తుంది.

#5 వ్యాకరణం_వద్దు

దారిపోయేవాడు గారూ, యూట్యూబ్ భాష అర్థం కాకపోవడం మీ తప్పు కాదు. యాప్ నేర్పేది వార్తలు చదివే భాష. అందులో "కాదు, లేదు"కి "తిడాక్" అంటారు, నోటి మాటలో అది "గాక్" అయిపోతుంది. "అపాకా" అని ప్రశ్న మొదలుపెట్టమని పుస్తకం చెప్తుంది. ఓడలో అలా అడిగితే జనాభా లెక్కలకి వచ్చిన మనిషనుకుంటారు. మాట చివర కాస్త స్వరం పెంచితే ప్రశ్న అయిపోతుంది, మన దగ్గర "వస్తావా" అనకుండా "వస్తున్నావ్?" అన్నట్టే.

కాలాల గొడవ లేదు, లింగభేదం లేదు, మనిషిని బట్టి క్రియారూపాలు మారవు. "సుదా" అంటే అయిపోయింది, "బెలుమ్" అంటే ఇంకా కాలేదు. ఈ రెండింటితో సగం బండి నడిచిపోతుంది. రాతలో సి అక్షరం కనిపిస్తే చ అని పలకండి. 1972లో స్పెల్లింగ్ మార్చినప్పటి నుంచి అంతే.

మనకి దొరికిన లాభం ఒకటి చెప్తాను. వాళ్ళకి "కితా", "కామి" అని రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే కితా, వదిలేస్తే కామి. మనం, మేము. ఇంగ్లీషువాళ్ళు, హిందీవాళ్ళు దీని దగ్గర నెలల తరబడి కొట్టుకుంటారు. తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. "మనం ఎన్నింటికి చేరతాం?" అని ఓడలో పక్కాయన్ని కితాతో అడగండి, అక్కడికక్కడే దగ్గరైపోతారు.

సంస్కృతం మాటలు ఎన్నో తగులుతాయి గానీ వాటిని నమ్ముకుని ముందుకు దూకకండి. భాష, నామ, గురు బాగానే ఉంటాయి. "చింతా" అంటే అక్కడ ప్రేమ. "దోసా" అంటే పాపం, అది పెనం మీద పోసేది కాదు.

#6 నీలిగొడుగు

అమ్మాయిల వైపు నుంచి కూడా చెప్పనివ్వండి, ఇక్కడ అందరూ డెక్ మీద డ్రైవర్ల గురించే రాస్తున్నారు.

నేను ఒంటరిగా ఈ దారిలో వెళ్ళాను. ఓడ ఎక్కగానే నేను చూసేది పిల్లలున్న కుటుంబం ఎక్కడ కూర్చుందా అని. "పెర్మిసి, బు. బొలె దుదుక్ ది సిని?" అంటే "ఏమీ అనుకోకండమ్మా, ఇక్కడ కూర్చోవచ్చా?" అన్నట్టు. అంతే, ఆ రోజుకి మీరు వాళ్ళ మనిషి. బ్యాగు చూస్తారు, బాత్రూమ్ ఎటో చెప్తారు, ఎవరైనా అతిగా మాట్లాడితే ఆవిడే చూపుతో ఆపేస్తుంది.

వరసలు కలపడం మనకి అలవాటే, అక్కడా అదే పద్ధతి. పెద్దాయన పాక్, పెద్దావిడ బు. జావాలో కుర్రాడు మాస్, అమ్మాయి మ్బాక్. బాలిలో మగవాళ్ళని బ్లి అంటారు. ఏదీ తోచకపోతే అన్నకైనా అక్కకైనా కాక్. పేరు పెట్టి పిలవడం, "నువ్వు" అనడం పెద్దగా వినపడవు. "పాక్ ఎక్కడ దిగుతారు?" అని వరసనే మీరుగా వాడేస్తారు.

సాపె దాట్లో ఓడ ఊగుతుంది. నా మొహం చూసి ఒకావిడ సంచీలోంచి కాయు పుతి నూనె తీసి మెడ మీద, కణతలకి రుద్దేసింది, అడగను కూడా లేదు. వాళ్ళకి ఒంట్లో నలతంతా "మాసుక్ అంగిన్", ఒంట్లోకి గాలి దూరింది అంటారు. ఆ నూనె సీసా లేని ఇండోనేషియా అమ్మని నేను చూడలేదు. కడుపులో తిప్పేవాళ్ళు అంతిమో అనే మాత్ర ఏ చిన్న కొట్లోనైనా కొనుక్కోవచ్చు, బయల్దేరే ముందే వేసుకోండి. దానితో నిద్ర వస్తుంది, కబుర్లు అటకెక్కుతాయి, అది మీ ఇష్టం.

#7 దారిపోయేవాడు

చాలా థ్యాంక్స్ అందరికీ. నీలిగొడుగు గారూ, ఒక సందేహం. పెళ్ళయిందా, పిల్లలెంతమంది, మతమేంటి అని అడుగుతారని విన్నాను. వీటికి ఏం చెప్పాలి? ఎదురు నేనూ అడగొచ్చా?

#8 నీలిగొడుగు

అడుగుతారు, మొదటి పది నిమిషాల్లోనే. పెళ్ళి కాకపోతే "లేదు" అనకండి, "బెలుమ్" అనండి, ఇంకా కాలేదని. మనవాళ్ళకి ఈ ఇంటర్వ్యూ కొత్తేం కాదు కదా, రైలెక్కితే ఇవే ప్రశ్నలు. నేను మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు మావారు లబువాన్ బాజోలో ఎదురుచూస్తున్నారని చెప్తాను. అది అబద్ధమని ఎవరికీ నష్టం లేదు.

#9 ఉప్పుగాలి

మతం ప్రశ్నకి ఉలిక్కిపడొద్దు. వాళ్ళ గుర్తింపు కార్డు మీదే ఆ గడి ఉంటుంది. ఇస్లాం, ప్రొటెస్టెంట్, కేథలిక్, హిందూ, బౌద్ధం, కన్ఫ్యూషియన్, ఈ ఆరూ ప్రభుత్వం లెక్కలో ఉన్నవి. మీ ఊరేది అన్నంత మామూలుగా అడుగుతారు. హిందువునంటే "ఓ, బాలివాళ్ళలాగా" అంటారు. మతం లేదంటే అక్కడి నుంచి సంభాషణ ఎటు పోతుందో నేను హామీ ఇవ్వలేను.

ఎదురు మీరూ నిక్షేపంగా అడగొచ్చు, పిల్లల గురించి అడగకపోతేనే చిన్నబుచ్చుకుంటారు. 1965 నాటి హత్యాకాండ, పపువా గొడవలు, రాజకీయాలు మాత్రం మీరుగా ఎత్తకండి. వాళ్ళు ఎత్తితే వినండి.

ఇండియా అనగానే షారుఖ్ ఖాన్ పేరు వస్తుంది, ఒకరిద్దరు "అచ్ఛా అచ్ఛా" అని తల ఊపి చూపిస్తారు. వెక్కిరింత అనుకోవద్దు, మీ మీద ఇష్టం చూపించడం అది. దాన్ని దాటించడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. జావావాళ్ళు కనిపిస్తే ఘటోత్కచుడి గురించి అడగండి. వాళ్ళ వాయాంగ్ తోలుబొమ్మల్లో గతొత్కాచాకి ఉన్న పేరు అర్జునుడికి కూడా లేదేమో. తీగల్లాంటి కండలు, ఇనప ఎముకలు అని జావనీస్‌లో సామెతలా చెప్తారు. శ్రీకండి అని విలువిద్య తెలిసిన ఆడ వీరురాలు ఉంటుంది, అది మన శిఖండే, అక్కడ అర్జునుడి భార్య. ఇది విని మీరు నోరు తెరిస్తే చాలు, రేవు వచ్చేదాకా ఆయనే చెప్తాడు. మీ భాష ఎంత తక్కువైనా పరవాలేదు, కథ సగం మీకు ముందే తెలుసు.

#10 వ్యాకరణం_వద్దు

అమ్మాయిల్ని అడిగితే మాత్రం కొరియన్ సీరియళ్ళ గురించి మాట్లాడతారు. ఘటోత్కచుడు యాభై దాటినవాళ్ళకే.

#11 ఉప్పుగాలి

యాభై దాటినవాళ్ళే కదా ఓడలో ఫోన్ పక్కన పెట్టి మాట్లాడేది!

#12 పచ్చికూర

శాకాహారిని. ఈ దారిలో బతకగలనా? ఎవరైనా తినమని పెడితే ఎలా తప్పించుకోవాలి?

#13 నీలిగొడుగు

బతకొచ్చు. "మాంసం తినను" అని ఊరుకుంటే చాలదు. "డాగింగ్" అంటే వాళ్ళ మనసులో గొడ్డు మాంసం, మేక మాంసం. కోడి, చేప వేరే లెక్క. "గాక్ మకాన్ అయమ్, గాక్ మకాన్ ఇకాన్" అని కోడి, చేప పేర్లు విడివిడిగా చెప్పాలి. సంబల్ పచ్చడిలో తెరాసీ అనే రొయ్యల ముద్ద తరచుగా ఉంటుంది, అది పట్టింపైతే అడగండి. ఓడ కదిలే ముందు అమ్మకాలవాళ్ళు పొట్లాల అన్నం, ఉడికించిన గుడ్లు, వేరుశెనగలు పట్టుకుని వస్తారు. టెంపే (పులియబెట్టిన సోయా గింజల బిళ్ళ), టోఫు ఎక్కడైనా దొరుకుతాయి.

పెట్టినదాన్ని కాదనాలంటే "సుదా మకాన్" (తినేశాను), కుడిచెయ్యి కొద్దిగా గుండె మీద. మీ దగ్గర కూడా పంచిపెట్టడానికి బిస్కెట్లో, పళ్ళో ఉంచుకోండి. పిల్లలకి ఇస్తే పెద్దలు మాట కలుపుతారు.

#14 అడ్డుప్రశ్న

కబుర్లన్నీ బాగున్నాయి, ఒక్కరూ భద్రత మాట ఎత్తలేదు. 2025 జూలై 2 రాత్రి బాలి జలసంధిలోనే, పైన నేను "ఒక కాఫీ తాగుతారు, దిగుతారు" అన్న దార్లోనే, తును ప్రతమ జయ అనే ఫెర్రీ మునిగిపోయింది. జాబితా ప్రకారం అందులో 65 మంది. అదే నెల 20న మనాడో దగ్గర బార్సెలోనా అనే ఓడ తగలబడింది. జాబితాలో ఉన్న పేర్ల కంటే చాలా ఎక్కువమందిని నీళ్ళలోంచి పైకి తీశారు. 2018 జూన్‌లో తోబా సరస్సులో సినార్ బాంగున్ పడవ మోయగలిగిన దానికి మించి జనాన్ని ఎక్కించుకుని మునిగితే నూటయాభై మందికి పైగా దొరకనే లేదు.

భయపెట్టడానికి కాదు. మీ పేరు మీదే టికెట్టు తీసుకోండి, ఎవరో "నేను ఎక్కిస్తాను రండి" అంటే వెళ్ళకండి. జాబితాలో పేరు లేకపోతే మీ కోసం వెతికేవాళ్ళుండరు. కెతాపాంగ్, గిలిమానుక్ లాంటి పెద్ద రేవుల్లో ఎ.ఎస్.డి.పి. అనే ప్రభుత్వ ఫెర్రీ కంపెనీ వాళ్ళ ఫెరిజీ యాప్‌లో ముందే కొనుక్కోవాలి. బస్సులో వెళ్తే చాలావరకు బస్సు చార్జీలోనే ఉంటుంది. ఓడ కదిలాక వాహనాల డెక్‌లో, బస్సు లోపల కూర్చోవద్దు, పైకి రండి. పైకి వచ్చాక మొదటి ప్రశ్న షారుఖ్ ఖాన్ గురించి కాకుండా "జాకెట్ పెలంపుంగ్ ది మానా?" అని అడగండి. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది, భాష ప్రాక్టీసూ అవుతుంది.

#15 ఉప్పుగాలి

అక్షరం అక్షరం ఒప్పుకుంటున్నాను. దీనికి కలిపి చదువుకోండి: డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలుల కాలం, సాపె దాట్లో అలలు పెద్దవి. బి.ఎం.కె.జి. అనే వాళ్ళ వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తే ఓడలు ఆపేస్తారు. ఆపితే విసుక్కోకండి, ఆపకపోతేనే భయపడండి. రంజాన్ పండక్కి ఊళ్ళకి పోయేవాళ్ళ రద్దీ వారాల్లో అసలు ఈ దారి పెట్టుకోవద్దు.

#16 చర్చ నిర్వాహకుడు

ప్రమాదాల మీద వేరే చర్చ ఉంది, వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ ప్రయాణం, భాష కొనసాగించండి.

#17 దారిపోయేవాడు

సాపె నుంచి రాస్తున్నాను. గాలి ఎక్కువగా ఉందని ఓడ వదల్లేదు. రేపు వదలొచ్చంటున్నారు. రేవు దగ్గర చాపలు వేసుకుని జనం, నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

లెంబర్ ఓడలో ఉప్పుగాలి గారు చెప్పినట్టే అయింది. ఒక డ్రైవర్ నన్ను కూర్చోబెట్టి టైల్స్ లోడు, ఇంజిన్ రిపేరు, కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు, అన్నీ చెప్పాడు. ఎంత అర్థమైందో నాకే తెలీదు, కానీ "పెలన్-పెలన్, పాక్, మాసి బెలాజర్" (నెమ్మదిగా, ఇంకా నేర్చుకుంటున్నాను) అన్నప్పుడల్లా వెనక్కి వెళ్ళి చిన్న చిన్న ముక్కలుగా చెప్పాడు. విసుగు లేదు. ట్రాన్స్‌లేటర్ తీద్దామంటే సముద్రం మధ్యలో సిగ్నల్ పోయింది, భాష ముందే డౌన్‌లోడ్ చేసుకోలేదు. ఆయన చేతుల్తోనే ఇంజిన్ విప్పి చూపించాడు. దిగేటప్పుడు వాట్సాప్ నంబర్ తీసుకున్నాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే లారీ ఫోటో వస్తోంది. ఏం జవాబివ్వాలో తెలియక బొటనవేలు బొమ్మ పెడుతున్నాను.

ఒక సమస్య. ఇక్కడికి వచ్చేసరికి భాష మళ్ళీ మారింది. పక్కన కూర్చున్న ఫ్లోరెస్, కుపాంగ్ కుర్రాళ్ళు "సయా" అనకుండా "బెతా", "సా" అంటున్నారు. "కాదు"కి నేను నేర్చుకున్న తిడాకూ లేదు, మీరు చెప్పిన గాకూ లేదు. ఇది ఇండోనేషియనేనా?

#18 వ్యాకరణం_వద్దు

తూర్పు వైపు మలయ్ యాసలు అవి. కుపాంగ్, అంబోన్‌లో "నేను" అంటే బెతా. "కాదు"కి కుపాంగ్‌లో సొందె, అంబోన్‌లో సెంగ్, పపువాలో త్రా. ఒక్కో రేవు ఒక్కో మాట పట్టుకుంది. మీరు వాటిని మాట్లాడక్కర్లేదు, మీ పుస్తకం భాషే ఇక్కడ జావాలో కంటే బాగా చెల్లుతుంది. తూర్పువాళ్ళు పరాయివాడితో మాట్లాడేటప్పుడు బడి భాషలోకి మారతారు, జకార్తా గాక్‌లు తక్కువ. మీరు తిడాక్ అంటే అక్కడెవరూ నవ్వరు. కుర్రాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది అర్థం కాకపోతే వదిలేయండి.

#19 అడ్డుప్రశ్న

ఓడ ఆపారు కదా, మంచిది. ఆ డ్రైవర్‌కి రోజూ జవాబివ్వక్కర్లేదు. అక్కడ ఫోటో పంపడమంటే "బాగానే ఉన్నాను" అన్నట్టు. మీరూ ఒక రేవు ఫోటో పంపండి, సరిపోతుంది.

#20 పచ్చికూర

నాకు ఇంకా పెద్ద ఓడ మీద కన్ను పడింది. పెల్ని ఓడల్లో రోజులకొద్దీ వెళ్ళొచ్చంటున్నారు. కబుర్లకి అదింకా మేలా?

#21 ఉప్పుగాలి

మేలే, ఓపిక ఉంటే. పెల్ని 1952లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. పెద్ద ఓడలు చాలావరకు జర్మనీలో పాపెన్‌బుర్గ్‌లోని మేయర్ వెర్ఫ్ట్‌లో కట్టినవి, పేర్లన్నీ కొండలవి: కెలుద్, కెలిముతు, సినబుంగ్. కెలుద్ బతాం దీవి మీదుగా జకార్తాకీ, సుమత్రాలో మేడాన్ పక్కనున్న బెలవాన్ రేవుకీ మధ్య తిరుగుతుంది. సింగపూర్ నుంచి బతాంకి ఫెర్రీలో గంట ప్రయాణం కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అదే సులువు.

ఎకానమీలో పొడుగాటి హాలు, వరసగా పరుపులు, అటూ ఇటూ జనం. మూడు పూటలా తిండి టికెట్లోనే ఉంటుంది, ప్లేటు కోసం క్యూ కట్టాలి. ఆ క్యూలోనే సగం స్నేహాలు కలుస్తాయి. మీకు చేపో, కోడో, గుడ్డో వస్తుంది, పక్కనున్నవాళ్ళకి ఇచ్చేసి కూరతో సర్దుకోవాలి, కప్పు నూడుల్స్ తోడు పెట్టుకోండి. లోపల లవంగం సిగరెట్ల పొగ, వద్దని బోర్డు ఉన్నా తప్పదు. నమాజు గది ఉంటుంది, ఓడ తిరిగినప్పుడల్లా ఖిబ్లా (నమాజుకి తిరగాల్సిన మక్కా దిక్కు) ఏ వైపో మైకులో చెప్తారు. రేవు వచ్చినప్పుడు అమ్మేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తారు. ఆ అరగంట మాత్రం కబుర్లు ఆపి బ్యాగు ఒళ్ళో పెట్టుకోండి.

లెంబర్ ఓడకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ మొదటి రోజు అడిగే ప్రశ్నలు అయిపోతాయి. రెండో రోజు పొద్దున ఏం మాట్లాడాలో మీకూ తెలీదు, వాళ్ళకీ తెలీదు. అప్పుడు పేకాటో, డామినోనో బయటికొస్తుంది. మాట్లాడకుండా కూర్చోవడం కూడా అక్కడ మర్యాదే, ఖాళీని నింపాలని పాకులాడకండి.

#22 పచ్చికూర

సరే, కెలుద్ ఖాయం. టికెట్టు మీద పేరు ఎలా రాయాలి? పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అదీ పొడుగ్గా. ఆన్‌లైన్ ఫారంలో ఒకటే గడి ఉంది.

#23 ఉప్పుగాలి

పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరసలో, గడి పట్టినంత. పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉంటే వాళ్ళకి చాలు. అక్కడ ఒకే ఒక్క పేరున్నవాళ్ళు బోలెడుమంది, సుకర్ణో, సుహార్తో ఇద్దరికీ ఇంటిపేరు లేదు, అందుకే ఆ గడి ఒకటే. మైకులో మీ పేరు చదవాల్సి వస్తే మొదటి ముక్క, అంటే మీ ఇంటిపేరే పిలుస్తారు. అది విని లేవడం అలవాటు చేసుకోండి.

#24 దారిపోయేవాడు

ఓడ వదిలారు. పొద్దున ఏడింటికి. మిగతాది దిగాక రాస్తాను, పక్కన కుపాంగ్ కుర్రాడు గిటార్ తీశాడు.